ఊనికయు ఊరి పలుకును

పాఠశాలల వార్షికోత్సవములలో ఇంగ్లీషున నొక సంభాషణయో, ఏకపాత్రాభినయమో పెట్టుట మనకు ఆచారమైనది. బాలుడు వేదిక నెక్కును. కంఠస్థము చేసినదానిని ఒప్పజెప్పును. పెద్దలు చప్పట్లు కొట్టుదురు. అతడేమి చెప్పెనని ఆ చప్పట్లు కొట్టినవారి నడిగినచో పలువురు చెప్పజాలరు. 'ఎంత చక్కగా పలికినాడు! అచ్చముగా దొరవలెనే యున్నది' అని మాత్రము చెప్పుదురు. అర్థమును విడిచి ధ్వనిని మెచ్చుకొను ఈ యలవాటును గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమున మనకెప్పుడో చూపియున్నారు. కొడుకు ఇంగ్లీషు మాటలాడగా వినవలెనని వెంకమ్మ కోరును. గిరీశమును వెంకటేశమును ఒకదానికొకటి పొత్తులేని వాక్యములను అప్పగించుకొందురు. ఆ తల్లి మురిసిపోవును. మనము నాటకము చూచి వెంకమ్మను నవ్వుదుము. మన పాఠశాలకు వచ్చి వెంకమ్మ పక్కనే కూర్చుందుము.

పరభాషలో అభినయించువాడు ఎవరివలె పలుకవలెను? తన ఊరివారివలెనా, ఆ భాషవారివలెనా? తన పలుకులో తన సీమ జాడ తెలియుట దోషమా? చూపునకు ఇది ఉచ్చారణశాస్త్రమునకు చెందిన ప్రశ్న. నేను దీనిని ధర్మప్రశ్న యనుకొనుచున్నాను. ఈ యభిప్రాయము నాకు పుస్తకములవలన కలుగలేదు. నేను చేసిన యొక తప్పువలన కలిగినది. కావున ముందు ఆ తప్పును చెప్పుకొందును.

మా ముదిగుబ్బ మెట్టసీమ. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినదిగాని మా నోట నింకను అనంతపురమే. ఈ సీమలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియునని లెక్కలు చెప్పును. ఆ కురియునదియు వేరుసెనగకు కావలసిన దినమున కురియదు. సుమారు పదేండ్ల క్రిందట నా తరగతిలో నొక బాలుడుండెను. తండ్రికి నాలుగెకరముల చేనును, కొన్ని గొఱ్ఱెలును ఉండెను. బాలునికి గంభీరమైన కంఠము. మాటలో తడబాటు లేదు. ఇంగ్లీషు ఏకపాత్రాభినయమున పోటీ కలదని తెలిసి, ఎండిన చెఱువుగట్టున కూర్చుండి ఆకాశముతో మాటలాడు నొక రైతును తానే కల్పించుకొని, తనకు వచ్చిన ఇంగ్లీషులో తానే వ్రాసికొని నా యొద్దకు తెచ్చెను. అందలి యొక వాక్యము నాకిప్పటికిని జ్ఞప్తియందున్నది. దాని భావ మిది: ఈ నేల ఎడారి కాదు, మేము విడిచిపోవుచున్నాము గనుక ఎడారి యగుచున్నది.

ఎడారి యను మాటకును, విడిచిపోవుట యను మాటకును ఇంగ్లీషున అక్షరక్రమ మొక్కటియే. మొదటి అక్షరముపై ఊనిక వేసి 'డెజర్ట్' అన్నచో ఎడారి. రెండవ అక్షరముపై ఊనిక వేసి 'డిజర్ట్' అన్నచో విడిచిపోవుట. పదునాలుగేండ్ల పల్లెటూరి బాలుడు ఆ రెండు మాటలను ఎదురెదురుగా నిలిపి తన సీమ దుఃఖమునంతయు ఒక వాక్యమున నుంచెను. అది అతడు కావలెనని చేసినదో, నిఘంటువులో ప్రక్కప్రక్కన కనబడుటచే తోచినదో నాకు తెలియదు. ఎట్లయినను అది మంచి వాక్యము.

ఆ వాక్యమునకు నేనేమి చేసితిని? రెండు వారములు ఆ బాలుని వకారమును సవరించితిని. ఇంగ్లీషున వకారములు రెండు: పైపండ్లు క్రిందిపెదవిని తాకగా పుట్టునది యొకటి, పెదవులు గుండ్రన చేయగా పుట్టునది మఱియొకటి. మనకున్నది ఒకటే వకారము. ఆ భేదమును అతని నోట పట్టించుటకు కష్టపడితిని. మనము నాలుకను మడిచి పలుకు టకారమును ఇంగ్లీషువారు పండ్లచిగురు వెనుక నాలుకకొన నానించి పలుకుదురు, దానికై కష్టపడితిని. ఇంగ్లీషు నటుల పలుకులను వినిపించి, అట్లే పలుకుమంటిని. బాలుడు ప్రతి మాటను నిప్పుమీద నడచువానివలె పలుక నారంభించెను. మునుపటి కంఠము పోయినది. నేను దానిని వినయ మనుకొంటిని.

పోటీనాడు ఆ వాక్యము వచ్చినది. బాలుడు రెండు మాటలను రెండవ అక్షరముపై ఊనికతోనే పలికెను. ఎడారిని అట్లు పలికినచో ఇంగ్లీషు తెలిసినవాని చెవికి భోజనానంతరము తిను తీపి పదార్థముగా వినబడును. న్యాయనిర్ణేతలలో నొకరు, 'అనంతపురము పాయసమైనదా?' అని ప్రక్కవారితో పదిమందికి వినబడునట్లు అనిరి. పిదప ఆ బాలుని వకారమును అనుకరించిరి. ముందు వరుసలు నవ్వినవి. బాలుడు ఆగి, క్రిందికి చూచి, మిగిలినది చెప్పక వేదిక దిగిపోయెను. తిరుగు ప్రయాణమున బస్సులో నేను వానిని ఓదార్పవలసినది. 'ఎన్నిమార్లు చెప్పితినిరా నీకు!' అంటిని. వాడు బదులు పలుకలేదు. ఆ తరువాత నా పాఠశాలలో నుండిన రెండేండ్లును మఱల వేదిక నెక్కలేదు.

నవ్వినవారి తప్పు వారిది. నా తప్పు వేఱు. నేను రెండు వారములు సవరించిన వకారమునకును ఆ బాలుని అర్థమునకును సంబంధము లేదు. నేను ఒక్కమారైనను సవరింపని ఊనికయే ఆ అర్థమునకు ప్రాణము. ఆ భేదము నే నెఱుగనిది కాదు. ఎఱిగియు ఏల వినలేదు? ఆ బాలుడు లోకముతో నేమి చెప్పుచున్నాడని నా చెవి వినుట లేదు. వానిని విని లోకము నన్నేమనునో యని వినుచుండెను. శిష్యుని మాటను గురువు ఇట్లు వినుట అపరాధమని నాకు తెలియుటకు చాల కాలము పట్టినది.

ఈ విషయమును ఆలోచించునప్పుడు రెండు పాత కథలు నాకు తోడువచ్చినవి. మొదటిది మన వేదములలోనిది. పతంజలి మహాభాష్యారంభమున దీనిని స్మరించెను. తన కుమారుని ఇంద్రుడు చంపగా త్వష్ట ఇంద్రుని చంపు కొడుకునకై హోమము చేసెను. 'ఇంద్రశత్రువు వర్ధిల్లుగాక' యనుట అతని సంకల్పము. ఆ సమాసమున తుది యక్షరమును ఉదాత్తముగా పలికినచో తత్పురుషమై 'ఇంద్రుని చంపువాడు' అని యర్థము. మొదటి యక్షరమును ఉదాత్తము చేసినచో బహువ్రీహియై 'ఇంద్రుడే తన్ను చంపువాడుగా గలవాడు' అని యర్థము. త్వష్ట నోట స్వరము తప్పినది. వృత్రుడు పుట్టెను, ఇంద్రుని చేత చచ్చెను. మాట అదే, అక్షరములు అవే. స్వర మొక్కటి తప్పుటచే కోరినది తలక్రిందులైనది.

రెండవ కథ బైబిలున న్యాయాధిపతుల గ్రంథము పండ్రెండవ అధ్యాయములోనిది. యుద్ధమున ఓడి యోర్దాను నది దాటిపోవు ఎఫ్రాయిమీయులను గిలాదువారు రేవులయొద్ద నిలిపి, 'షిబ్బోలెతు' అను మాట పలుకుమనిరి. ఎఫ్రాయిమీయుల నోట షకారము పలుకదు, 'సిబ్బోలెతు' అనిరి. అట్లనిన ప్రతివానిని అక్కడనే చంపిరి. 42,000 మంది చచ్చిరని ఆ గ్రంథము చెప్పుచున్నది. ఆ మాటకు ధాన్యపు వెన్ను అని యర్థము చెప్పుదురు. ఆ రేవున ఆ యర్థముతో ఎవ్వరికిని పని లేదు. ఆ మాట పలికినవాడు ఏ ఊరివాడో తెలిసినచో చాలును.

ఉచ్చారణవలన చావు రెండు కథలయందును సమానమే. కాని మొదటిదానిలో పలికినవాని అర్థము చెడినది. రెండవదానిలో అర్థమునకు లోపము లేదు, పలికినవాని ఊరు బయటపడినది. మొదటిది పలుకువాని దోషము. రెండవది వినువాని క్రౌర్యము. మన పాఠశాలలలో, పోటీలలో, కొలువుల పరీక్షలలో ఈ రెండింటిని కలిపి 'తప్పు ఉచ్చారణ' యను ఒక్క పేరు పెట్టినాము. ఆ బాలుడు నిలిచిన వేదికపై ఒక్క నిమిషములో రెండును జరిగినవి: ఊనిక తప్పి ఎడారి పాయసమైనది త్వష్ట కథ, వకారమును అనుకరించి నవ్వినది యోర్దాను రేవు కథ.

ఇంగ్లీషున ఊనిక యెట్టిదో కొంచెము చెప్పవలెను. ఏలయన ఇది మన నోటికి కొత్త. మన ఛందస్సు గురులఘువులమీద నిలిచినది. గురువనగా కాలమాత్ర; బలము కాదు. తెలుగున ఏ యక్షరమును గట్టిగా పలికినను మాటకు అర్థము మాఱదు. వేదస్వరము కంఠముయొక్క హెచ్చుతగ్గులచే తెలియునది. ఇంగ్లీషు ఊనికలో బలము, నిడివి, కంఠపు హెచ్చు మూడును కలిసియుండును. ఊనిక లేని యక్షరములలోని అచ్చులు కుదించుకొనిపోవును. మనము ఏ యక్షరమునకును అన్యాయము చేయము; అన్నిటిని నిండుగా పలుకుదుము. 'ఫొటోగ్రాఫు' అని మనము నాలుగక్షరములను సమముగా పలుకుదుము. ఇంగ్లీషువాడు మొదటిదానిని ఒత్తును. ఛాయాచిత్రము తీయువాని పేరు చెప్పునప్పుడు ఆ ఒత్తు రెండవ యక్షరమునకు జరుగును. దానినే విశేషణముగా చేసినప్పుడు మూడవదానికి జరుగును. ఒత్తు జరిగినప్పుడెల్ల విడిచిన యక్షరము చిన్నబోవును. అక్షరములు వ్రాసిన చోటనే యుండగా ప్రాణము వానిలో తిరుగుచుండును. దీనిని చెప్పక ఇంగ్లీషు చెప్పుట తాళము చెప్పక కీర్తన చెప్పుటవంటిది.

నటునకు ఇది మఱియు ముఖ్యము. షేక్స్పియరు పద్యపాదమున సామాన్యముగా పదియక్షరములు, అయిదు ఊనికలు. ఊనిక తప్పినచో పాదము విఱుగును. వినువాడు అర్థమును వెదకికొనవలసివచ్చును. హైదరాబాదున 1958లో స్థాపింపబడిన కేంద్ర ఆంగ్ల సంస్థలో ఆర్. కె. బన్సల్ గారు భారతీయుల ఇంగ్లీషు ఇతరులకెంత బోధపడునో పరీక్షించి 1969లో గ్రంథము ప్రకటించిరి. బోధపడకుండుటకు గల ముఖ్యకారణములలో మాటలయందు ఊనిక తప్పుట యొకటియని వారు చూపిరి. మనము సిగ్గుపడునది మన టకార వకారములకు. వినువాని నెక్కువగా చిక్కుపెట్టునవి వేఱు. సిగ్గుకును అవసరమునకును ఎంత దూరమో చూడుడు.

అయిన షేక్స్పియరును షేక్స్పియరు దేశమువారివలెనే పలుకవలదా యని యడుగుదురు. ఏ కాలమువారివలె? 2004లో లండను గ్లోబు నాటకశాలలో డేవిడ్ క్రిస్టల్ అను భాషాశాస్త్రజ్ఞుని సాయముతో రోమియో జూలియెట్ నాటకమును షేక్స్పియరు నాటి ఉచ్చారణతో ప్రదర్శించిరి. ఆ ఉచ్చారణ నేటి లండను పెద్దమనుష్యుల ఉచ్చారణకు దూరము. నేడు పలుకని చోట్ల రేఫలు ఆనాడు పలుకుచుండెను; ప్రాసలు కుదరవనుకొన్న చోట్ల కుదిరినవి. మనము పవిత్రమనుకొని బాలుర నోట రుద్దునది షేక్స్పియరు పలుకు కాదు. అతని తరువాత చాలకాలమునకు ఒక వర్గము తన గుర్తుగా చేసికొన్న పలుకు. దానిని నేర్చుటలో తప్పులేదు. అది యొక్కటే శుద్ధమనుటలో అసత్యమున్నది.

మా సీమకు ఈ విషయమున పరదేశపు నిదర్శనము వెదకవలసిన పనిలేదు. బళ్లారి రాఘవ గారు 1880లో తాడిపత్రిలో పుట్టిరి. వారి మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు పుట్టిన ధర్మవరము మా ముదిగుబ్బకు పొరుగూరు. నాడు మదరాసు రాష్ట్రమున నుండి 1953లో మైసూరున చేరిన బళ్లారిలో, తెలుగు కన్నడములు రెండును వినబడు వీథులలో, వకీలువృత్తి చేయుచు రాఘవగారు తెలుగున నటించిరి. ఇంగ్లీషున షేక్స్పియరు పాత్రలను నటించిరి. ఐరోపాయాత్ర చేసి అచ్చటి రంగస్థలములను చూచి వచ్చిరి. మన నాటకములలో నటుడు పద్యమును రాగముతో సాగదీసి, కథను నిలిపి, మఱల మఱల పాడించుకొను కాలమున, పద్యమైనను పాత్ర మనస్సులోని మాటగా పలుకవలెనని వారు పట్టుబట్టిరి. తెలుగున రాగమును తగ్గించి అర్థమును నిలిపిన మనీషియే ఇంగ్లీషు నాటకములను ఆడెను. నాకు ఇవి రెండు పనులుగా కనబడవు. కంఠము అర్థమునకు దాస్యము చేయవలెను. సభ మెప్పునకు కాదు.

ఇచ్చట నటధర్మము నాక్షేపముగా తెత్తురు. నటుడు పాత్ర యగుటకు వేదిక నెక్కును; లండను పూలమ్మి వేషము వేసినవాడు ముదిగుబ్బ పలుకుతో పలుకవచ్చునా? ఈ ప్రశ్న న్యాయమైనది. భరతుడు నాట్యశాస్త్రమున వాచికాభినయమును చెప్పుచు పాఠ్యమునకు స్వరములు, స్థానములు, ఉదాత్తానుదాత్తాదివర్ణములు, కాకువు మొదలగువానిని విధించెను. ఏ పాత్రకు ఏ భాష తగునో కూడ చెప్పెను. పాత్ర కోరినచో నటుడు ఇతరుల పలుకును ధరింపవలసినదే, కిరీటము ధరించినట్లు. కిరీటము నాటకానంతరము పెట్టెలో పెట్టునది. దానిని పెట్టుకొనుటకు ముందు తన తలను అసహ్యించుకొమ్మని ఏ గురువును చెప్పరాదు. ఇక మన బాలుడు వేసినది ఏ వేషము? అనంతపురపు రైతు వేషము. అనంతపురపు రైతు ఇంగ్లీషు మాటలాడినచో ఎట్లు పలుకును? వాడు పలికినట్లే పలుకును. నేను ఆ పాత్రకు సహజమైన వేషమును విప్పించి వేఱొకరి దుస్తులు తొడిగితిని. నటధర్మమునకైనను అది ద్రోహమే.

మన ప్రాచీనులు ఈ విషయమున నిర్దోషులని నేననను. రాజునకు సంస్కృతము, స్త్రీలకును సేవకులకును ప్రాకృతము పంచిపెట్టినవారు వారే. మృచ్ఛకటికమున శకారుడు సకారమును శకారముగా పలుకుట నవ్వు పుట్టించుటకే. అయినను శూద్రకుడు ఆ పలుకు నొక్కదానిని నమ్ముకొనలేదు. భారత రామాయణ కథలను కలగాపులగము చేయు వాని యజ్ఞానమును, నిరపరాధిని వధ్యస్థానమునకు పంపు వాని క్రౌర్యమును చూపి నవ్వించెను, అసహ్యము పుట్టించెను. మన నేటి చలనచిత్రములలో తఱచుగా రాయలసీమ పలుకొక్కటే చాలును. అది నోట పడగానే వాడు కత్తి పట్టినవాడో, విదూషకుడో యని ప్రేక్షకుడు నిశ్చయించుకొనును.

ఈ మాట వ్రాసి నేను సీమ పక్షమున గెలిచితినని సంతోషించుటకు వీలు లేదు. మా పాఠశాలకు తండాలనుండి సుగాలీ పిల్లలు వచ్చుచున్నారు. వారి ఇంటి భాష వేఱు. తెలుగు వారికి బడిలో పట్టువడినది. వారి తెలుగును మా ఊరి పిల్లలు వెక్కిరించుట నేను వినియున్నాను. విని ఊరకుండియు నున్నాను. పట్టణమువాడు మమ్ము నవ్వును, మేము తండావానిని నవ్వుదుము. రేవులు అనేకము, ప్రతి రేవునను ఒక గిలాదువాడు నిలిచియుండును, నిన్నటి ఎఫ్రాయిమీయుడే నేడు గిలాదువాడై నిలుచును.

ఇక నాకు గట్టిగా సమాధానము దొరకని యాక్షేప మొకటి కలదు. 'అయ్యా, మీరు ధర్మము చెప్పుచున్నారు; మా పిల్లవాడు బెంగుళూరున కొలువునకు పోయినప్పుడు వాని పలుకు విని పంపివేసినచో మీ ధర్మము కూడు పెట్టునా?' అని ఒక తండ్రి నన్నడిగెను. పెట్టదు. లోకము నేడు రేవులతో నిండియున్నది. దాటవలసిన పిల్లలకు దాటు మాటను నేర్పకుండుట దయ కాదు. నేర్పవలసినదే. కాని దానిని దేనిగా నేర్పుదుము? ఇది సత్యమైన పలుకు, నీది దోషమని నేర్పుట యొకటి. ఇది ఆ రేవువారు అడుగు గుర్తు, తెలిసియుంచుకొనుమని నేర్పుట మఱియొకటి. నోరు రెండింటను ఒకే పని చేయును. మనస్సు చేయు పని వేఱు. బెర్నార్డు షా 1914లో లండనున ప్రదర్శింపబడిన పిగ్మేలియన్ నాటకమున ఈ ప్రమాదమును చూపెను. ఉచ్చారణశాస్త్రజ్ఞుడు పూలమ్ము పిల్లకు దొరసానుల పలుకు నేర్పి పందెము గెలుచును. గెలిచిన పిదప ఆ పిల్ల, ఇక నేనెక్కడిదానను, నా గతి యేమి యని యడుగును. గురువు దానిని అంతకుముందు ఆలోచించియే యుండలేదు.

ఇప్పుడు నేను చేయుచున్నది స్వల్పము. బాలుడు ఏదైన పలుకబూనినప్పుడు ముందుగా, 'నీవు చెప్పదలచినదేమి?' అని తెలుగున అడుగుదును. ఆ భావమును మోయు మాటలను వానిచేతనే ఏరింతును. ఆ మాటలలో ఊనిక యెక్కడనో చూపి, మా పల్లెల చెక్కభజనలో అడుగు వేసినట్లు దానిమీద అడుగు వేయింతును. అయిదు ఊనికల పాదమును పిల్లలు అడుగులతో ఒక గంటలో పట్టుకొందురు. తాళము మావారికి కొత్త కాదు. ఊనిక లేని యక్షరములను కుదించుట తరువాతి పాఠము. టకార వకారముల భేదమును కడపట చెప్పుదును. చెప్పి, అది రానిచో చింతింపవలదందును. వెక్కిరించినవానిని, పట్టణమువానినైనను తండా పిల్లను వెక్కిరించిన మా ఊరివానినైనను, ఆ చోటనే నిలిపి, 'వాడు చెప్పినది నీకు తెలిసినదా?' అని యడుగుదును. తెలిసినదనినచో నవ్వుటకు కారణము లేదు. తెలియలేదనినచో మఱల అడిగి తెలిసికొనవలెను గాని నవ్వరాదు.

రెండేండ్ల క్రిందట ముదిగుబ్బ బస్సులు నిలుచుచోట ఒక యువకుడు నా సంచి నందుకొని నమస్కరించెను. ఆ బాలుడే. బెంగుళూరున గిడ్డంగిలో పని. చేను కౌలున కిచ్చినారు. తల్లిదండ్రులుకూడ ఆ యేడు వానితో వెళ్లిపోవుచున్నారు. బస్సు వచ్చుదాక కుశలప్రశ్న లాడితిమి. నేను ఆ పోటీమాట యెత్తలేదు, వాడే యెత్తెను.

'సార్, ఆ మాటను ఎట్ల పలకల్ల?' అని యడిగెను.

చెప్పితిని. మొదటి యక్షరమును ఒత్తినచో ఎడారి, రెండవదానిని ఒత్తినచో విడిచిపోవుట. వాడు మెల్లగా రెండు మాటలను పలికి చూచెను; రెండును సరిగా పలికెను. టకారము మా ఊరి టకారమే. వాక్యమునంతయు ఒకమారు చెప్పి ఊరివైపు చూచెను.

'అప్పుడే చెప్పింటే బాగుండు సార్' అనెను.

బస్సు వచ్చినది. వానికి బదులు చెప్పజాలక పోతిని. నావలె పిల్లల నోళ్లు దిద్దు వృత్తిలో నున్నవారు, దిద్దుటకు ముందు ఒకమారు ఆ పిల్లవాడేమి చెప్పుచున్నాడో వినవలెనని కోరుచు ఈ నాలుగు మాటలు వ్రాసితిని.